గోడలకు సున్నమేస్తే గోడు పోతదా?

(కళాబృందాల శిక్షణా తరగతుల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగపాఠం)



నిన్న రాత్రి బువ్వలు తిన్నాక మన పిల్లలు ఫోన్లో కొన్ని ఫొటోలు చూపించారు. పరాయి దేశాల్లో మూతబడ్డ పిచ్చాసుపత్రుల్ని హోటళ్లుగా మార్చారట. కోటల్లాంటి కట్టడాలు, పొడుగాటి వసారాలు, మెత్తటి పరుపులు. దాని మీద ఒక నాటిక అల్లుతామన్నారు. కొత్త పెళ్లిజంట ఆ హోటల్లో దిగుతారు. ఎప్పుడో ఆ గదిలో చచ్చిపోయిన పిచ్చిది అర్ధరాత్రి దయ్యమై వస్తుంది. తెల్లచీర, విరబోసిన జుట్టు, పెద్ద నవ్వు. ఊళ్లల్లో జనం విరగబడి చూస్తారన్నారు. చూస్తారు, అబద్ధం లేదు. మేమూ నవ్వినాం. పడుకున్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ తెల్లచీర వేషం ఎవరిది? ఏ ఇంటి ఆడబిడ్డది? దిక్కులేని ఒక ఆడమనిషిని చూసి జనం భయపడాలని మనమే కోరుకుంటున్నామా?

నాటిక వద్దని చెప్పడానికి మేం లేచి నిలబడలేదు. ఆ గోడల లోపల ఏం జరిగిందో తెలుసుకుని వేద్దామని.

అమెరికాలో బఫెలో అనే ఊళ్లో 1880లో తెరిచిన పెద్ద ఆసుపత్రి ఉంది. రెండు గోపురాలు, ఎర్రరాతి గోడలు. 2017లో అందులో హోటల్ పెట్టారు. అది 2021లో మూతపడితే 2023లో ఇంకో పేరుతో మళ్లీ తెరిచారు. పిల్లలు చూపిన ఫొటోల్లో అదే ఎక్కువ. కానీ మేం చెప్పదలుచుకున్నది ఇటలీ సంగతి. ఎందుకంటే అక్కడి కథలో మన గటక ముంత కనపడుతుంది.

ఇటలీలో వెనిస్ అని నీళ్ల మీద కట్టిన ఊరుంది. దాని పక్కన రెండు చిన్న దీవులు. ఒకటి సాన్ సెర్వోలో, ఒకటి సాన్ క్లెమెంతె. సాన్ సెర్వోలోకు మతి తప్పిన మనిషిని మొదటిసారి పంపింది 1725లో. పంపింది ఎవర్ని? గొప్పింటివాణ్ణి. ఆ తర్వాత డెబ్బై ఏళ్లు అది కలిగినోళ్ల ఆసుపత్రే. మరి పేదోడికి పిచ్చి లేస్తే? రేవులో లంగరేసి ఉంచిన ఓడ మీద పడేసేవాళ్లు. 1797లో ఫ్రెంచివాళ్ల చేతికి ఊరు చిక్కాక గానీ దీవి తలుపులు అందరికీ తెరవలేదు. చూశారా, పిచ్చిలోనూ పెద్దింటి పిచ్చి వేరు, పేదింటి పిచ్చి వేరు! మన ఊళ్లో రెండు గ్లాసులున్నట్టే.

తలుపులు తెరిచాక లోపలికి వచ్చిందెవరు? ఇక్కడ కొంచెం నిదానంగా వినండి.

ఆ చుట్టుపక్కల పల్లెల్లో భూములు దొరలవి. దున్నేది కౌలుదారు, కూలివాడు. గోధుమలు పండిస్తే దొర గాదెకు పోతాయి. దున్నినోడికి మక్కలు. ఈ మక్కలు అమెరికా ఖండం నుంచి వచ్చిన పంట. అక్కడి మూలవాసులు వాటిని సున్నపు నీళ్లలో ఉడకబెట్టి వండుకునేవాళ్లు. ఆ సున్నంతో గింజలో దాగిన సత్తువ విడివడి ఒంటికి పట్టేది. యూరప్ దొరలు గింజను ఎత్తుకొచ్చారు గానీ మూలవాసుల తెలివిని తెచ్చుకోలేదు. అనాగరికుల దగ్గర నేర్చుకునేదేముంటుందని అనుకున్నారేమో! పొద్దున మక్క గటక, మాపున మక్క గటక. పాలు లేవు, పప్పు లేదు, మాంసం లేదు. ఏళ్ల తరబడి అదే తింటే ఎండ తగిలిన చోటల్లా చర్మం మాడిపోయి పొలుసులు లేస్తుంది. మెడ చుట్టూ కాల్చిన దండ వేసినట్టు అవుతుంది. తర్వాత విరేచనాలు. ఆ తర్వాత మతి తప్పుతుంది. కొందరు నీళ్లలో దూకేవాళ్లు. ఈ రోగం పేరు పెల్లాగ్రా. ఇది నియాసిన్ అనే విటమిన్ లోపమని 1937లో తేలింది. అంతకు ముందు వందేళ్ల పాటు ఈ కూలోళ్లను, రైతుల్ని పడవలెక్కించి దీవికి తెచ్చారు. ఆకలిని పిచ్చి అని రిజిస్టర్లో రాసుకున్నారు. లోపల కాస్త మంచి తిండి పడితే కొందరు తేరుకుని ఇంటికి పోయేవాళ్లు. ఇంట్లో మళ్లీ అదే గటక. మళ్లీ పడవ.

ఇది వెనిస్ వాళ్ల గొడవే అనుకుంటున్నారా? పోషకాహార పరిశోధనశాల 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు మారింది. ఇప్పుడు తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అదే. అక్కడి డాక్టర్లు గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో లోకానికి ఒక సంగతి చెప్పారు. మక్కలు కాదు, జొన్న మీద బతికే ఈ దక్కను పేదల్లోనూ పెల్లాగ్రా ఉందని. జొన్నలోని లూసిన్ దానికి కారణమని వాళ్లన్నారు. దాని మీద తర్వాత శాస్త్రవేత్తల్లో వాదాలు నడిచాయి, నడవనీ. జొన్న మీద మాకు కోపం లేదు, జొన్నరొట్టె తిని పెరిగినోళ్లమే. జొన్న తప్ప ఇంకేదీ దొరకనియ్యకపోవడం మీద కోపం. గడీలో సన్నబియ్యం, నెయ్యి. వెట్టి చేసినోడి ముంతలో గటక. ఆ గటక తిని మెడ మాడి, మతి తప్పిన మన తాతల్లో ఎంతమందికి దయ్యం పట్టిందని వేపమండలతో కొట్టి ఉంటారో!

మన దగ్గర ఎవరన్నా తిక్కగా మాట్లాడితే ఎర్రగడ్డకు పంపాలె అని నవ్వుతరు. ఎర్రగడ్డ దాకా పోవడానికి చార్జీలు లేనోళ్లను భూతవైద్యుల దగ్గర, పాకల్లో, గొలుసులతో కట్టేశారు. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఏర్వాడి దగ్గర పాకకు నిప్పంటుకుని అట్లా కట్టేసిన 28 మంది చనిపోయారు. పరుగెత్తుదామంటే కాళ్లకు గొలుసులు.

ఇక రెండో దీవి, సాన్ క్లెమెంతె. 1873 నుంచి అది ఆడవాళ్ల పిచ్చాసుపత్రి. ఇడా డాల్సెర్ అనే ఆమెను అక్కడ పెట్టారు. ఆమె చేసిన తప్పల్లా ముస్సోలినీకి నేను పెళ్లాన్ని, వీడు అతని కొడుకు అని నలుగురిలో చెప్పడం. ముస్సోలినీ గద్దెనెక్కాక ఆమెకు పిచ్చి అన్నారు. 1937లో ఆ దీవిలోనే కన్నుమూసింది. కొడుకు కూడా 1942లో ఇంకో పిచ్చాసుపత్రిలో పోయాడు. నిజం చెప్పిన ఆడదానికి పిచ్చి అని పేరు పెట్టడం మనకు కొత్తా? 2009లో మార్కో బెలోక్కియో అనే దర్శకుడు ఆమె మీద సినిమా తీశాడు. అందులో దయ్యాలు లేవు.

ఆ ఆసుపత్రి 1992లో మూతపడింది. 2003లో విలాసాల హోటల్ అయింది. ఈత కొలను, తోట, అతిథుల్ని తెచ్చే పడవలు. మేం కట్టడాలు కూలగొట్టమనడం లేదు. నాలుగు గోడలు పనికొస్తే రావాలి, అందులో నలుగురికి కూలి దొరికితే దొరకాలి. కానీ ఆ గదికి అన్ని డబ్బులు పోసి వచ్చేది దేనికి? ఊరికి దూరంగా ఉండే ఆ నిశ్శబ్దానికి. ఆ దూరం, ఆ నిశ్శబ్దమే లోపలున్న ఆడవాళ్లకు పడ్డ శిక్ష. సాన్ సెర్వోలోలో కొంత నయం. అక్కడా బస చేయడానికి గదులున్నాయి, చదువుకునే చోటూ ఉంది. అయితే 2006లో ఆ ఆసుపత్రి మీదే ఒక మ్యూజియం పెట్టారు. కట్టేసిన గొలుసులు, లోపలున్నోళ్ల ఫొటోలు అక్కడికి పోయినోళ్లకు కనపడతాయి.

ఇప్పుడు మన పని సంగతికి వస్తాం. వెనిస్‌లోనే పుట్టిన ఫ్రాంకో బసాల్యా అనే డాక్టరు 1971లో త్రియేస్తె అనే ఊళ్లో పిచ్చాసుపత్రికి పెద్దగా వచ్చాడు. లోపల వెయ్యి మందికి పైగా ఉన్నారు. మందుల కంటే ముందు ఆయన తలుపులు తెరిచాడు. వైద్యం పేరుతో ఊరికే చాకిరీ చేయించుకోవడం ఆపి, ఊడ్చేవాళ్లకు, కడిగేవాళ్లకు సహకార సంఘం పెట్టించి కూలి ఇప్పించారు. ఇది మన వెట్టి కథ కాదా?

అక్కడ బట్టల బండి లాగే మార్కో అనే గుర్రం ఉండేది. ముసలిదైంది, కోతకు అమ్ముతామన్నారు. లోపలున్నోళ్లు 1972లో గుర్రమే రాసినట్టుగా అధికారికి అర్జీ పెట్టారు. ఇన్నేళ్లు చాకిరీ చేశాను, నన్ను చంపొద్దు, పింఛనియ్యండి అని. గుర్రం బతికింది. మరుసటి ఏడు నాటకాల మనిషి జులియానో స్కాబియా, శిల్పి విత్తోరియో బసాల్యా లోపలికి పోయి వాళ్లతో కలిసి కూర్చున్నారు. ఏం చేద్దామని అడిగారు. ఆ గుర్రాన్నే చేద్దామన్నారు. కట్టెతో, కాగితపు గుజ్జుతో మనిషికి రెండింతల పైన ఎత్తు. రంగేం వెయ్యాలంటే నీలం అన్నారు. (మన జెండా సంగతి వాళ్లకు తెలియదు లెండి. మాకు మాత్రం చదవగానే ఒళ్లు జలదరించింది.) గుర్రం కడుపులో వాళ్ల కోరికలు పెట్టారు. ఊరేగింపు పొద్దున చూస్తే గుర్రం గేట్లో పట్టదు! తల వంచి తీసుకుపోదామనలేదు. అడ్డమున్నదాన్ని పగలగొట్టి బయటికి తీశారు. వందల మంది దాని వెనక ఊళ్లోకి నడిచారు. 1978లో కొత్తగా ఎవర్నీ పిచ్చాసుపత్రుల్లో చేర్చుకోవద్దని ఇటలీలో చట్టం వచ్చింది. ఆ చట్టం తర్వాత చాకిరీ భారమంతా ఇళ్లల్లో ఆడవాళ్ల మీద పడిందన్న విమర్శా ఉంది. అది కూడా దాచొద్దు.

తమ్ముళ్లారా, నాటకం కట్టడం అంటే అది. లోపలున్నోళ్లను అడిగి కట్టారు.

మరి మనం? మా వాడలో ఒక అవ్వ ఉండేది. సీలింగు భూమిలో ఎకరం పట్టా ఇచ్చారు ఆమెకు. కాగితం ఆమె దగ్గర, నాగలి దొరది. ఆ కాగితం కొంగున కట్టుకుని రోజూ ఆఫీసుకు నడిచేది. ఏడాది, రెండేళ్లు, అయిదేళ్లు. పిచ్చిది అన్నారు. మొదట దొర జీతగాళ్లన్నారు, తర్వాత ఆఫీసు బంట్రోతు అన్నాడు, తర్వాత మన వాడోళ్లే అన్నారు. మేమప్పుడు నాలుగో తరగతి. బడి నుంచి వస్తూ ఆమె వెంట పడి రాళ్లేసినాం. ఎవరో ఎక్కడో కాదు, మేమే. ఒకరోజు ఆమె తిరిగి చూసి తిట్టలేదు. కొంగు ముడి విప్పి కాగితం చూపి, బిడ్డా, నువ్వు చదువుకుంటున్నవు గదా, ఇందుల ఏం రాసుందో సదువు అన్నది. మేం ఉరికినాం. ఆ కాగితం చదవడానికే మేం చదువుకున్నామని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పటికి అవ్వ లేదు.

మీ నాటికలో తెల్లచీర పక్కన పెట్టండి. పాతచీర, కొంగున ముడి, అంతే. రాళ్లేసే పిల్లల వేషం మేం వేస్తాం, మాకు అలవాటున్న వేషమే. అయితే కథ మనది కాదు, అవ్వది. ఆమె కూతురు పక్క మండలంలో ఉంది. ముందు ఆమె దగ్గరికి పోయి, వెయ్యొచ్చా అని అడగాలి. వద్దంటే ఇంకో కథ చూసుకుందాం. సరే అంటే మొదటి ఆట ఎక్కడాడాలో కూడా ఆమెనే చెప్పమందాం. రేపు పొద్దున ఏడు గంటల బస్సుకు ఎవరెవరు వస్తారో చేతులెత్తండి.