తొండమనాటి సమాధి దేవళము

సమాధి యనగానే ఊరికి వెలుపలి మాటయనియు, దేవళము ఊరి నడుమ దీపము వెలుగు చోటనియు మనము వేఱుగా తలచుట వాడుక. ఈ రెండును ఒక్కటియైన కట్టడము మన సీమలోనే కలదు. శ్రీకాళహస్తికి సమీపమున తొండమనాడను గ్రామము పెద్దలందఱకు తెలిసినదే. తొండమాను చక్రవర్తి కథ వేంకటాచల మాహాత్మ్యము విన్నవారికి క్రొత్త గాదు. అది పురాణగాథ. నేను మనవి చేయబోవునది శిలాశాసనములు చెప్పు వృత్తాంతము.

ఆ గ్రామమున కోదండరామేశ్వరుడను పేర శివాలయ మొకటి కలదు. ఆ పేరు విన్నవారు శ్రీరాముడు ప్రతిష్ఠించిన లింగమని యనుకొనుట సహజము. కాని కోదండరాముడనునది యిచట చోళరాజగు మొదటి ఆదిత్యుని బిరుదము. ఆ గుడికే ఆదిత్యేశ్వరమని మఱియొక పేరు. శాసనమే లేకున్నచో ఈ సంగతి మనకు తెలియు దారి లేదు.

ఆదిత్యుని తండ్రి విజయాలయుడు క్రీ. శ. 850 ప్రాంతమున తంజావూరిని పట్టుకొని క్రొత్త రాజ్యమునకు పునాది వేసెను. 871 ప్రాంతమున ఏలుబడికి వచ్చిన ఆదిత్యుడు పల్లవరాజగు అపరాజితుని జయించి తొండైమండలమును గైకొనెను. మన చిత్తూరు సీమలో చాల భాగము ఆ మండలములోనిదే. కావేరికి ఇరుదరుల, సహ్యపర్వతము మొదలు సముద్రము వఱకు, అతడు శివునకు ఱాతిగుళ్లు కట్టించెనని అన్బిల్ తామ్రశాసనము చెప్పుచున్నది. ఇన్ని గుళ్లు కట్టించిన రాజు 907 ప్రాంతమున తన రాజధానికి బహుదూరమున, ఈ ఉత్తరపు పొలిమేరలో కన్నుమూసెను. తరువాతి శాసనములు అతనిని తొండైమానాఱ్ఱూరున నిద్రించిన ప్రభువని పేర్కొన్నవి. మరణించెననక నిద్రించెననుట ఆ కాలపు మర్యాద. ఆ తొండైమానాఱ్ఱూరే నేటి తొండమనాడు.

కుమారుడగు పరాంతకుడు తండ్రి కనుమూసిన చోటనే, ఆయన అవశేషములపై ఈ దేవళమును కట్టించెను. ఇట్టి గుడిని తమిళమున పళ్ళిప్పడై యందురు. పరాంతకుని 34వ పాలనావత్సరమున, అనగా 941 ప్రాంతమున, ఈ గుడిలో చెక్కిన శాసనమొకటి కలదు. ఉత్సవదినములలో బ్రాహ్మణులకును, మహావ్రతులు మొదలగు శైవులకును అన్నము పెట్టుటకై చేసిన యేర్పాటు అందు వ్రాయబడియున్నది. ఇందలి బుద్ధివిశేషమును గమనింపవలెను. ఱాయి తన్ను తాను కాపాడుకొనజాలదు. దీపము పెట్టువాడును, పండుగనాడు భోజనమునకు వచ్చువాడును ఉన్నంతకాలము ఆ చోటు మఱపునకు రాదు. పరాంతకుడు తండ్రి సమాధికి కావలివాండ్రను గాక, ఊరినే కాపుగా పెట్టెనని నా తలంపు.

ఈ ఆచారము ఆ వంశమున ఒక్క తరముతో ముగియలేదు. చిత్తూరు పట్టణము ప్రక్కగా పాఱు నీవా నదియే దిగువను పొన్నై యని పిలువబడి పాలాఱులో కలియుచున్నది. ఆ నదియొడ్డున, నేడు తమిళనాడులో చేరిన మేల్పాడి గ్రామమున, రాజరాజ చోళుడు తన తాతయగు అరింజయునికి ఇట్టి గుడినే కట్టించెను. ఆఱ్ఱూరున నిద్రించిన దేవరకై యెత్తించిన పళ్ళిప్పడై యని రాజరాజుని 29వ యేటి, అనగా 1014 ప్రాంతపు శాసనము స్పష్టముగా చెప్పుచున్నది. రాజేంద్రుడు తన సవతితల్లి పంచవన్ మహాదేవికై పళైయారై యొద్ద మఱియొకటి నిలిపెను.

సమాధిపై గుడి కట్టుట దోషము కాదా యని పెద్దలడుగవచ్చును. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి బృందావనమునకు మనము మ్రొక్కుచున్నాము. కటారుపల్లెలో వేమన సమాధికిని, కందిమల్లాయపల్లెలో బ్రహ్మముగారి సమాధికిని యాత్రలు సాగుచునే యున్నవి. కాబట్టి ఈ భావము మనకు పరాయిది గాదు.

ఇక ఇట్టి కట్టడములకు కలుగు హానిని గూర్చి చెప్పవలెను. శత్రువులకన్న భక్తి పేర చేయు పనులే యొక్కొక్కప్పుడు ఎక్కువ చెఱుపు చేయును. గోడలు తెల్లగా నుండవలెనని సున్నము పూయుదురు, అక్షరములు పూడిపోవును. ఇసుకను వేగముగా చిమ్ము యంత్రముతో ఱాతిని కడుగుదురు. వేయేండ్ల వ్రాత పొడియై రాలిపోవును. అధిష్ఠానమును పూడ్చి సిమెంటు నేల వేయుదురు. శాసనపు పంక్తులు భూమిలో కలియును. సమాధి యనగానే నిక్షేపముండునని రాత్రివేళ గడ్డపాఱలతో వచ్చు దురాశాపరులు వేఱుగా నుందురు. 1878 నాటి నిక్షేపముల చట్టము ప్రకారము, భూమిలో 10 రూపాయలకు మించిన నిధి దొరికినచో కలెక్టరునకు తెలుపవలసియున్నది. ఎముకలును బూడిదయు తప్ప వేఱొకటి లేని చోట త్రవ్వి గోడలు కూల్చుట మఱింత దుఃఖకరము.

గట్టిదను నమ్మకమును చాలదు. తొండమనాటికి దగ్గఱనే, శ్రీకాళహస్తిలో కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురము 2010 మే 26న నేలకొఱిగెను. క్రొత్త గోపురము నిలువబెట్టి 2017లో కుంభాభిషేకము చేసిరి. గోపురమును మరల కట్టవచ్చును. చెఱిగిన శాసనమును మరల వ్రాయువారు లేరు.

కావున గ్రామపెద్దలకు నా విన్నపము. మీ యూరి గుడిగోడమీద అర్థము గాని లిపి కనబడినచో దానిని పనికిరాని గీతలని తలపకుడు. జీర్ణోద్ధారణ తలపెట్టినపుడు సున్నమునకు ముందు, ఉలికి ముందు, పురావస్తుశాఖకు ఒక జాబు వ్రాయుడు. వారు తడి కాగితము నొత్తి, సిరా నద్ది, అక్షరములకు నకలు తీసికొందురు. ఱాతికి గాయము కాదు. పడిన ఱాళ్లను మెట్లకును, చాకిరేవులకును తీసికొనిపోనీయకుడు. గుడిమాన్యము ఎవరి చేతిలో నున్నదో యేటికొకసారి విచారింపుడు. ఊరి పిల్లలను ఆ గోడ యొద్దకు తీసికొనిపోయి, ఇచట నిద్రించినవాడెవడో, కట్టించిన కుమారుడెవడో చెప్పుడు. పరాంతకుడు ఆనాడు మన పూర్వులకు అప్పగించిన పని అదియే.