ఆంగ్లవాక్యమున ‘అతనినా’? ‘అతనికా’?



సంస్కృత వ్యాకరణము గురుముఖమున చదువుకొని, ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగును, ఇంగ్లీషును చెప్పినవాడను. ఈ పూట మీతో ముచ్చటింపదలచినది ఇంగ్లీషు వాక్యములలో నొక చిన్నదానిని గూర్చి. ముందొక క్రియ, దాని వెనుక ‘హిమ్’ వంటి సర్వనామము, ఆ వెనుక ‘ఎ గుడ్ టీచర్’ వంటి విశేషణముతో గూడిన నామము: ఇంతే దాని స్వరూపము. ఇంగ్లీషు రాని పెద్దలకు దీనితో నేమి పని యందురేమో. కోర్టు కాగితములు, బ్యాంకు ఉత్తరములు, దూరదేశముల నున్న మనుమల జాబులు నేటికిని మన యిండ్లకు ఆ భాషలో వచ్చుచునే యున్నవి గదా. వానిని చదివించుకొనువారు, చదివిపెట్టిన పిల్లవాని నేమి ప్రశ్న అడుగవలెనో యెఱిగియుండుట మేలు.

మొదట మన భాషను చూడుడు. ‘అతనిని రాజును జేసిరి’ అందుము. ‘అతనికి ఇల్లు కట్టించిరి’ అందుము. మొదటి వాక్యమున ‘అతడు’, ‘రాజు’ ఇరువురు గారు, ఒక్కడే. అందుచేతనే రెండు మాటలకును ఒకే విభక్తి వచ్చినది. లేదా, ‘రాజుగా’ అని ‘గా’ చేర్చి చెప్పుదుము. రెండవదానిలో అతడు వేఱు, ఇల్లు వేఱు. ‘ని’ యనియు ‘కి’ యనియు రెండు చిన్న ప్రత్యయములే యీ భేదమునంతయు మోయుచున్నవి. సంస్కృతమునను ‘తమ్’ అన్నచో ద్వితీయ, ‘తస్మై’ అన్నచో చతుర్థి. చెవినబడగనే సంగతి తేలిపోవును.

ఇంగ్లీషున నట్లు గాదు. ‘దే మేడ్ హిమ్ ఎ మినిస్టర్’ అన్నచో అతనిని మంత్రిని జేసిరని యర్థము. ‘దే మేడ్ హిమ్ ఎ కోట్’ అన్నచో అతనికి కోటు కుట్టియిచ్చిరని యర్థము. మాటల వరుస యొక్కటే, ‘హిమ్’ ఒక్కటే. మనుష్యుడు కోటు కాలేడని మనకు దెలియును గనుక చిక్కు రాలేదు. రెండును పొసగు చోటనే చిక్కంతయు నున్నది.

చాల యేండ్ల క్రిందట మా ప్రాంతమున నొక వృద్ధుడు తన మనుమని సంగీతము నేర్చుకొనుటకై చెన్నపట్టణము పంపెను. అచ్చట నా బాలుని కనిపెట్టి చూచుచున్న పెద్దమనిషి అరవవారు. వారికి తెలుగు వ్రాయరాదు, వీరికి అరవము రాదు. కావున ఇంగ్లీషున జాబు వ్రాసిరి. అందు ‘ఐ ఫౌండ్ హిమ్ ఎ గుడ్ టీచర్’ అని యొక వాక్యము. ఊరిలో కొంత చదివిన యువకుడొకడు దానిని చూచి, ‘మీ మనుమడు మంచి ఉపాధ్యాయుడని నేను కనుగొంటిని’ అని తాత్పర్యము చెప్పెను. తాత పొంగిపోయి బెల్లము పంచిపెట్టెను. పిల్లవాడు ఉపాధ్యాయుడయ్యెను గదా, సంపాదించుకొనుచుండునని తలచి, నెలనెల పంపు మనియార్డరు మానివేసెను! మూడవ నెలలో ఆ జాబు నా చేతికి వచ్చినది. ‘వానికి మంచి గురువును కుదిర్చితిని’ అనుట వారి యభిప్రాయము. తరువాతి వాక్యముననే ఆ గురువునకు నెలకు ఎంత యిచ్చుకొనవలెనో స్పష్టముగా వ్రాసియున్నది. సంతోషము పట్టలేక దానిని ఎవ్వరును చదివించుకొనలేదు. అప్పటికి ఆ బాలుడు ఒంటిపూట భోజనముతో కాలము గడుపుచుండెను.

చదివిన యువకుని నేను తప్పుపట్టను. ఆ వాక్యమునకు ఆ యర్థమును నిజముగనే కలదు. లోపము పూర్వము ఆ భాషలో జరిగిన యొక నష్టమునందున్నది. ఇది వినదగిన కథ.

871 మొదలు 899 వఱకు ఇంగ్లండున వెస్సెక్స్ దేశమును ఏలిన ఆల్ఫ్రెడ్ రాజు కాలమున ఆ భాషకును మనకువలె విభక్తులుండెడివి. అప్పుడు ‘అతనిని’ అనుటకు ‘హినె’ అనియు, ‘అతనికి’ అనుటకు ‘హిమ్’ అనియు రెండు వేర్వేఱు రూపములు. మన జాబునందలి వాక్యమును ఆనాటివా రెవరైన వ్రాసియున్నచో ‘హినె’ కలదా ‘హిమ్’ కలదా యని చూచినంతనే గురువెవరో శిష్యుడెవరో తెలిసియుండెడిది. తరువాతి శతాబ్దులలో పదాంతములు క్రమముగా అరిగిపోయినవి. చతుర్థీరూపమైన ‘హిమ్’ ద్వితీయ చోటును గూడ ఆక్రమించెను. ‘హినె’ గ్రంథభాషనుండి జాఱిపోయెను. ఇంగ్లండు నైరృతిదిక్కున పల్లెటూరివారి నోట మాత్రము ‘అన్’ అని యించుమించుగా పలుకు రూపమున దాని శేషము చిరకాలము నిలిచినది. నాగరికులు పోగొట్టుకొన్నదానిని పామరులు దాచియుంచుట మన దేశమునను చూచుచున్నాము.

ఇచ్చట పండితులకొక మాట. రెండు నామములు కనబడగనే ద్వికర్మక ధాతువని తలపరాదు. ‘గేవ్ హిమ్ ఎ బుక్’ అనునపుడు ‘హిమ్’ సంప్రదానము. పుట్టుకచేతను అది చతుర్థియే. ‘కాల్డ్ హిమ్ ఎ ఫూల్’ అనునపుడు కర్మ యొక్కటే. ‘ఎ ఫూల్’ అనునది ఆ కర్మనుగూర్చి చెప్పబడిన విధేయము. మన పాఠశాలలలో తరతరములు చదివిన నెస్‌ఫీల్డు వ్యాకరణమున ఇట్టి క్రియలను ‘ఫాక్టిటివ్’ అనిరి. పేరు ఏదైన గానిండు, పరీక్ష సులభము. రెండింటి నడుమ ‘అగును’ అని యుంచి చూడవలెను. అతడు మూర్ఖుడగును: పొసగినది, కాబట్టి విధేయము. అతడు పుస్తకమగునా? పొసగదు, కాబట్టి దానము. రెండు విధముల పొసగినచో ముందువెనుక వాక్యములు చదివితీరవలెను, వేఱు దారి లేదు.

వ్రాయువాడు మనవాడైనచో చిక్కే లేకుండ వ్రాయవచ్చును. ‘ఐ ఫౌండ్ ఎ గుడ్ టీచర్ ఫర్ హిమ్’ అని ‘ఫర్’ చేర్చిన చాలును. మన ‘కొఱకు’ వచ్చి కూర్చున్నట్లే. ఆ రెండక్షరములు పొదుపు చేయుటచేత ఒక బాలుడు రెండు నెలలు పస్తులుండెను.

క్రియలను బట్టి కొన్ని మర్యాదలు గలవు. ‘కన్సిడర్ హిమ్ ఎ ఫ్రెండ్’ అన్న చాలును. ‘రిగార్డ్’ అను క్రియకు మాత్రము ‘యాజ్’ అనునది నడుమ నుండితీరవలెను. మన విద్యార్థులు రెంటిని కలగలిపి వ్రాయుదురు. ఒక్కనికే చెల్లు పదవియైనచో ‘ఎ’ అనుదానిని సాధారణముగ విడుతురు: ‘మేడ్ హిమ్ కింగ్’. మంత్రులు పలువురుందురు గనుక అచ్చట ‘ఎ మినిస్టర్’. ‘కాల్డ్ హిమ్ నేమ్స్’ అన్నచో పేర్లు పెట్టిరని గాదు, తిట్టిరని యర్థము. మనమును ‘నాకు పేర్లు పెట్టుచున్నాడు’ అందుము గదా. ఎంత దగ్గఱగా వచ్చినదో చూడుడు.

కడపటిదిగా నొక విచిత్రము. ‘షీ మేడ్ హిమ్ ఎ గుడ్ వైఫ్’ అందురు. ‘అగును’ పరీక్ష పెట్టినచో అతడు మంచి భార్యయగును! దానమని తలచినచో ఆమె అతనికొక భార్యను తయారుచేసి యిచ్చెనని తేలును! రెండును గాదు. ఆమెయే అతనికి మంచి ఇల్లాలయ్యెనని యర్థము. ఇచ్చట చివరి నామము ‘హిమ్’ అనుదానిని వదలి వెనుకకు పోయి కర్తను పట్టుకొన్నది. ఇదే క్రియతో ‘షీ మేడ్ హిమ్ ఎ గుడ్ హజ్బండ్’ అన్నచో మాత్రము ఆమె అతనిని మంచి మగనిగా తీర్చిదిద్దెనని యర్థము. మీ యింట ఇంగ్లీషు చదువు మనుమలున్నచో ఈ రెండు వాక్యములను వ్రాసి యిచ్చి, తెలుగున చెప్పుమనుడు.