ముక్కుపుడకయు ఉద్యోగమును

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రధానోపాధ్యాయుడు ముక్కుపుడకను గూర్చి ప్రసంగించుట యేమని కొందరు ముక్కుపై వేలు వేసికొనవచ్చును. పరీక్షా ఫలితములను గూర్చి, కొత్త గదుల నిర్మాణమును గూర్చి కార్యదర్శి గారు చెప్పవలసినదంతయు చెప్పినారు. అయితే ఈ సంవత్సరము నా గదికి వచ్చిన తల్లిదండ్రులలో పలువురు అడిగిన ప్రశ్న వేరొకటి. "మా అమ్మాయికి ఉద్యోగం వచ్చేలా ఉంది, ముక్కుపుడక తీసెయ్యాలా మాస్టారూ?" అని తల్లులు. "మా వాడు కనుబొమ్మకి పోగు కుట్టించుకొచ్చాడు, వీడికి ఎవరు పనిస్తారండీ?" అని తండ్రులు. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పుట కంటె అందరికిని ఒక్కసారే చెప్పుట మేలని తోచినది.

మొదట మన ఊరి సంతను జ్ఞాపకము చేసికొనుడు. కొండ దిగి వచ్చు ఖోండు స్త్రీ ముక్కున పోగులతో, గదబ స్త్రీ భుజములకు తగులు ఇత్తడి చెవికమ్ములతో మన తెలుగువారి అంగళ్ల ముందు నిలిచి బేరమాడుట తరతరములుగా చూచుచున్నాము. అల్లమో పసుపో తెచ్చి అమ్మును, ఉప్పో బట్టయో కొని పోవును. ఆమె ముక్కును చూచి బేరము మానుకొన్న వర్తకుని నేనెరుగను. నియమగిరి మీది డోంగ్రియా ఖోండులలో పురుషులు కూడ ముక్కునకు పోగులు ధరింతురు. సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న ఇచ్చిన తీర్పు ననుసరించి ఆ యేడాదియే 12 గ్రామసభలు జరిగినప్పుడు, ముక్కుపోగుల ఆ జనమే జిల్లా న్యాయాధికారి సమక్షమున కూర్చుండి బాక్సైటు గనికి తాము సమ్మతింపమని చెప్పిరి. 12 సభలును ఒకే మాట చెప్పినవి. ఆ మాటను దేశమంతయు ఆలకించినది.

కనుక కొనుటకు వచ్చిన ముక్కు మనకు వింత కాదు. అదే ముక్కు బల్లకు ఆవలి వైపునకు పోయి అమ్ముటకో, చికిత్స చేయుటకో, లెక్క వ్రాయుటకో కూర్చున్నప్పుడే చిక్కు మొదలగుచున్నది. వచ్చినవారు ఏమనుకొందురో యన్న భయము యజమానికి, ఆ భయము చూచి మన పిల్లలకు, వారిని చూచి మనకు. నా ప్రసంగమంతయు ఈ భయమును గూర్చియే.

పుడక యెంత ప్రాచీనమో కొంచెము చెప్పవలెను. ఇది వేదకాలము నుండి వచ్చిన ఆచారమని తల్లులు నాతో వాదించినారు. చెవులు కుట్టించుట మాట నిజమే. కర్ణవేధము షోడశ సంస్కారములలో నొకటి. శిశువునకు ఆరవ నెలలోనో ఏడవ నెలలోనో చెవులు కుట్టవలెనని సుశ్రుతుడు సూత్రస్థానములో విధానముతో సహా చెప్పినాడు. ముక్కు సంగతి వేరు. పి. కె. గోడే గారను పండితులు 1938లో ఈ విషయమును పరిశోధించి, ప్రాచీన సంస్కృత గ్రంథములలో గాని నిఘంటువులలో గాని ముక్కునగ ప్రస్తావన కానరాదనియు, ఇది సుమారు వేయి సంవత్సరముల నాటిదనియు నిర్ణయించినారు. ఎడమ ముక్కు కుట్టించిన ప్రసవము సులభమగునను మాటకు వైద్యశాస్త్రములో ఆధారము లేదు. అంతమాత్రమున పుడక తక్కువదా? వేయేండ్లు చాలవా? అడ్డబాస, బులాకి, నత్తు, బేసరి, ముక్కెర యని ఇన్ని పేర్లు పెట్టుకొన్న జాతి దానిని తనది యని చెప్పుకొనుటకు వేదప్రమాణము వెదకనక్కరలేదు. 1966 అక్టోబరులో ఐక్యరాజ్యసమితి సాధారణసభా మందిరమున ఎమ్. ఎస్. సుబ్బులక్ష్మి గారు గానము చేసినారు. ఆమె రెండు ముక్కుపుటముల మీది వజ్రపు బేసరులు ఆమె గానమంత ప్రసిద్ధములు. అక్కడ కూర్చున్న ప్రపంచ ప్రతినిధులలో ఎవరికిని అవి అడ్డము రాలేదు.

ఇక ఉద్యోగము మాట. ఒక్కొక్క వృత్తిలో తమ వద్దకు వచ్చు వారికి ఒక్కొక్క పేరున్నది. న్యాయవాదికి కక్షిదారు, బ్యాంకునకు ఖాతాదారు, ఆసుపత్రికి రోగి, హోటలునకు అతిథి. పేరు వేరైనట్లే అవసరమును వేరు. రోగికి కావలసినది శుభ్రత. వంటశాలలో పని యన్న నగలు తీయవలసినదే. 2011 నాటి ఆహార భద్రతా నిబంధనల నాలుగవ అనుబంధము ఆహారమును తాకు పనివారు నగలు ధరింపరాదని చెప్పుచున్నది. పుడక మర ఊడి సాంబారులో పడిన, అది ఎవరి సంస్కృతియో తినువాడు విచారింపడు. ఎమ్మారై యంత్రమున్న గదిలోనికి లోహముతో పోరాదు, అది అయస్కాంతము. తిరుగు యంత్రము వద్ద వేలాడు పోగు ప్రమాదము. సునాబెడ, దామన్‌జోడి కర్మాగారములలో పనిచేయు తండ్రులు ఈ సభలోనే ఉన్నారు, వారికి నేను చెప్పనక్కరలేదు. ఇట్టి చోట్ల తీయుమన్నప్పుడు మారుమాట లేక తీయవలెను. అది అవమానము కాదు, పని విధానము.

వైద్యవిద్యకు జరుగు నీట్ పరీక్ష సంగతియు ఇట్టిదే. లోపల ఏ పరికరమును దాచరాదని ముక్కుపుడక, చెవికమ్మలు సైతము నిషేధించినారు. నియమము మంచిదా చెడ్డదా యను చర్చకు పరీక్షనాటి ఉదయము సమయము కాదు. బిగిసిన పుడకను గేటు వద్ద లాగి పిల్ల కంట నీరు తెప్పించుట కంటె, వారము ముందే కంసాలి వద్దకు తీసికొనిపోయి మర సడలింపుడు.

మిగిలినది అసలు చిక్కు. శుభ్రత లేదు, ప్రమాదము లేదు, యంత్రము లేదు, కేవలము వచ్చినవారి కంటికి బాగుండదను కారణము మాత్రమే యున్నచోట ఏమి చేయవలెను? ఈ ప్రశ్న మీద దేశదేశముల న్యాయస్థానములు తలలు పట్టుకొన్నవి. అందులో రెండు తీర్పులు మీరు తెలిసికొనదగినవి.

అమెరికాలో కాస్ట్‌కో యను పెద్ద దుకాణపు సంస్థలో ఒక ఉద్యోగిని కనుబొమ్మకు పోగు ధరించెడిది. 2001లో ఆ సంస్థ చెవికమ్మలు తప్ప ముఖముపై ఏ నగయు కూడదని నియమము చేసినది. ఆమె తన పోగు తన మతవిశ్వాసమని చెప్పినది. పని వేళ పట్టీతో కప్పుకొమ్మని గాని, పారదర్శకమైన పుడక పెట్టుకొమ్మని గాని సంస్థ చెప్పి చూచినది. చివరకు ఉద్యోగము పోయినది. 2004లో అప్పీలు న్యాయస్థానము సంస్థ పక్షమున తీర్పు చెప్పినది. కొనుగోలుదారులకు తమ ఉద్యోగులు ఎట్లు కనబడవలెనో నిర్ణయించుకొను హక్కు వ్యాపారమునకు కలదని దాని సారాంశము.

రెండవది డర్బనుది. 1860 నుండి చెరకు తోటల పనికి ఓడలెక్కి పోయిన మన తెలుగువారును తమిళులును స్థిరపడిన ప్రాంతము అది. మన సంఘము వంటిదే ఆంధ్ర మహాసభ అక్కడ 1931లో వెలసినది. ఆ నగరములోని ఒక బాలికల పాఠశాలకు తమిళ హిందూ కుటుంబపు విద్యార్థిని 2004లో సెలవుల తరువాత చిన్న బంగారు ముక్కుపుడకతో వచ్చినది. పాఠశాల కూడదన్నది. తల్లి పట్టు విడువలేదు. మొదటి న్యాయస్థానము పాఠశాల పక్షమున, పై న్యాయస్థానము బాలిక పక్షమున చెప్పగా, 2007 అక్టోబరు 5న దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానము ప్రధాన న్యాయమూర్తి పియస్ లంగా గారి ద్వారా బాలికయే గెలిచినదని తేల్చినది. అప్పటికి ఆ పిల్ల ఆ బడి విడిచి పోయినది. న్యాయము నడక అట్టిది. ఆ తీర్పులో ఒక్క విషయము నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది. ఒక ఆచారము మతమున తప్పనిసరి యని ఋజువు చేయవలసిన పనిలేదు. మనసార, ఇష్టముతో పాటించు సంస్కృతికి కూడ రక్షణ కలదు. గోడే గారి పరిశోధన విని చిన్నబోయిన తల్లులు దీనితో ఊరడిల్లవచ్చును.

ఒకటి పాఠశాల, ఒకటి దుకాణము, దేశములు వేరు, చట్టములు వేరు. కాని నా దృష్టిలో భేదము మరియొకటి కలదు. కాస్ట్‌కో నియమము వ్రాతలో నున్నది, అందరికిని ఒక్కటే, కప్పుకొనుటకు దారియు చూపినది. నాకు ఆ తీర్పు పూర్తిగా రుచింపకపోయినను, అది ఒక పద్ధతి యని ఒప్పుకొందును. పద్ధతి లేనిచోటనే మన పిల్లలు నలుగుచున్నారు.

మన పాఠశాలలో చదివిన యొక బాలిక హోటలు నిర్వహణలో శిక్షణ పొంది దూరపు నగరమున ఒక సంస్థలో చేరినది. సంస్థ పేరు మనకు అనవసరము. చేరిన మూడవ నాడు పర్యవేక్షకుడు పిలిచి, "ఈ పుడకతో పల్లెటూరి మనిషిలా ఉన్నావు, అతిథులు బాగుండదనుకుంటారు" అన్నాడట. ఏ అతిథియైన అన్నాడా యని ఆమె అడుగలేదు. నియమము వ్రాతలో చూపుమనియు అడుగలేదు. ఆ రాత్రియే తీసివేసినది. ఆ పుడక చనిపోయిన నాయనమ్మది. ముక్కుపుడక తీయుట అశుభమని తలచు కుటుంబము వారిది. దసరాకు ఇంటికి వచ్చునప్పటికి రంధ్రము పూడిపోయినది. తల్లి నా వద్దకు వచ్చి చెప్పినది పిల్ల మీద కోపముతో కాదు. "దానికి అడగడం మేమెవరం నేర్పలేదండీ" అన్నది. ఆ మాట ఒక ఉపాధ్యాయునికి తగులవలసిన చోటనే తగిలినది.

అదే 2007లో లండను హీత్రూ విమానాశ్రయములో ప్రయాణికుల విశ్రాంతి మందిరమున పనిచేయు ఒక హిందూ ఉద్యోగినిని ముక్కుపుడక కారణముగా తొలగించినారు. ఆమె ఊరకుండలేదు, తన మాట చెప్పినది. సంస్థ ఆమెను మరల పనిలోనికి తీసికొన్నది. అడుగుట యనిన తగవులాడుట కాదు. "ఈ నియమము వ్రాతలో నున్నదా? అందరికిని వర్తించునా? చిన్న పుడకకైన అనుమతి కలదా?" అని మర్యాదగా, వీలైనచో కాగితము మీద అడుగుట. అది కూడ చేరిన తరువాత కాదు, నియామకపు ఉత్తరువు చేతికి రాకముందే. మన దేశమున న్యాయవాదుల వేషమునకు నియమములు కలవు. నల్లకోటు, మెడపట్టీ అన్నియు చెప్పినవి గాని ముక్కు ఊసెత్తలేదు. ఊసెత్తని చోట మనమే భయపడి ముందుగా తీసివేయనక్కరలేదు.

ఇక కనుబొమ్మ పోగుల కుమారుల తండ్రులకు. నా కంటికి అది ఇంపుగా లేదు. మన తాతలు చెవులకు పోగులు ధరించి కచ్చేరీలకు పోయినవారే, అది నా కంటికి ఇంపుగానే యున్నది. ఈ రెంటికిని భేదము అలవాటు మాత్రమే యని లోలోపల నాకును తెలియును. అందుచేత పిల్లవానిని కొట్టవలదు, బడి మాన్పింపుమని నన్ను అడుగవలదు. అయితే వానికి నిజము చెప్పుడు. నాలుకకు, పెదవికి కుట్టించిన లోహము పండ్లను, చిగుళ్లను చెరచును. కుట్టిన చోటు మానుటకు ముక్కునకైనను నెలలు పట్టును. చౌకరకపు నగలోని నికెలు వలన కొందరికి చర్మము పొక్కును. పుడక విషయమున పిల్ల వెనుక నాయనమ్మ, అమ్మమ్మ నిలుతురు. కనుబొమ్మ విషయమున వాడు ఒంటరి, యజమాని యెదుట జవాబు తానే చెప్పుకొనవలెను. అన్నియు విని, చదువు ముగిసి పెద్దవాడైన తరువాత కుట్టించుకొన్నచో అది వాని ముఖము.

మన పాఠశాల వరకు నేను కార్యవర్గము ముందుంచిన నియమమిది. బాలికలకు ఒక చిన్న ముక్కుపుడక, చెవులకు కమ్మలు ఎప్పుడైనను ధరించుటకు అనుమతి. ఖోండు, పరజ కుటుంబముల పిల్లలు మన బడికి వచ్చినచో వారి పోగులకును ఇదే వర్తించును; తెలుగు పుడక ఒప్పు, కొండపోగు తప్పు అను మాట ఈ గోడల లోపల వినబడరాదు. ఆటలప్పుడు, ప్రయోగశాలలో వేలాడునవి తీయవలెను, తీయనలవి కానిచో పట్టీతో కప్పవలెను. కనుబొమ్మ, పెదవి, నాలుక బడి చదువు ముగియు వరకు వలదు. కొత్తగా ముక్కు కుట్టింపదలచినవారు వేసవి సెలవుల మొదటి వారమున, కొత్త సూదితో కుట్టింపుడు.

పై తరగతుల బాలబాలికలకు ఉద్యోగపు దరఖాస్తు వ్రాయుట నేర్పునప్పుడు, నియమములను గూర్చి అడుగు ఉత్తరము కూడ తెలుగులో, ఒడియాలో, ఇంగ్లీషులో వ్రాయుట ఈ యేడు నుండి నేర్పెదము. మీ ఇండ్లలో ఉద్యోగము చేయుచున్న పిల్లలకు వారి సంస్థలు వేషమును గూర్చి ఇచ్చిన నియమపత్రములు ఏవైన ఉన్నచో, వాని నకళ్లు తెచ్చి మన కార్యాలయ గుమాస్తా గారికి ఇండు. సంస్థ పేరు, పిల్లల పేరు కొట్టివేసి తరగతిలో చదివింతుము. కార్యాలయము ఆదివారము తప్ప ప్రతిదినము పది గంటల నుండి నాలుగు గంటల వరకు తెరచియుండును.