చలికాలంలో గుర్రానికి రగ్గు



ఎద్దులను గురించి, గేదెలను గురించి, గొర్రెలను గురించి ఎన్నో ప్రసంగాలు విని వుంటారు. ఈనాడు గుర్రాన్ని గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ట్రాక్టర్లు, మోటార్లు వచ్చిన కాలంలో గుర్రంతో పనేముంది అని మీలో కొందరు అనుకోవచ్చు. హైదరాబాదులో మాత్రం గుర్రానికి ఇంకా పని వున్నది. జూబిలీ హిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలు తెలుగు సినిమాకు ఇల్లయినాయి. 1976లో అన్నపూర్ణ స్టూడియో వెలసింది. తరువాత మరికొన్ని వచ్చినవి. 2009లో ‘మగధీర’, 2015లో ‘బాహుబలి’, ‘రుద్రమదేవి’ వంటి రాజుల కథలు తెరమీదికి వచ్చినవి. అటువంటి కథకు కత్తి ఎంత అవసరమో గుర్రమూ అంత అవసరం. ఇక పెళ్లిళ్ల రోజుల్లో బరాతుకు గుర్రం సరేసరి.

అయితే సినిమాలో పరుగెత్తే గుర్రం కొండమీది బంగళాలో కాపురం వుండదు. నగరం చుట్టూ, మొయినాబాదు, అజీజ్‌నగర్, శంకరపల్లి వైపు, పొలాల ప్రక్కన వేసిన శాలల్లో వుంటుంది. దానికి గడ్డి కోసేది, ఎరువు ఎత్తేది, రాత్రి కాపలా పడుకునేది మన పల్లెల మనుషులే. గుర్రాన్ని అద్దెకిచ్చి బ్రతికే చిన్న యజమానికి ఒక్క గుర్రం పడుకుంటే ఇంటిల్లిపాదికీ ఇబ్బంది. అందుకే చలికాలపు సంరక్షణ తెలిసి వుండాలి.

ముందుగా అసలు మాట చెప్పేస్తాను. మన ప్రాంతపు చలిలో ఆరోగ్యంగా వున్న గుర్రానికి మొదటి రక్షణ కడుపునిండా గడ్డి. రెండవది గాలివాటు లేని పొడి చోటు. మూడవది రగ్గు. ఆ రగ్గు కూడా రాత్రి కప్పి, పొద్దెక్కగానే తీసివేస్తేనే మేలు చేస్తుంది. తీయకపోతే కీడు చేస్తుంది.

ఇది ఎందుకని అడుగుతారేమో. గుర్రం తన రగ్గును తానే తయారు చేసుకుంటుంది. వర్షాకాలం వెళ్లి పగటిపొద్దు తగ్గుతున్న కొద్దీ దాని ఒంటిమీద చలికాలపు వెంట్రుక దట్టంగా వస్తుంది. చలి వేసినప్పుడు ఆ వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి. వాటి సందున గాలి నిలుస్తుంది. దూది బొంతలో వెచ్చదనం నిలిచేది కూడా అటువంటి గాలివల్లనే. పలుచని గుడ్డ ఒకటి పైన కప్పితే ఆ వెంట్రుకలు అణిగిపోయి, లోపలి గాలి పోతుంది. అంటే చాలీచాలని రగ్గు కప్పడంకన్న ఏమీ కప్పకపోవడమే ఒక్కొక్కప్పుడు నయం.

రెండవ సంగతి. గుర్రం తిన్న గడ్డి దాని పెద్దప్రేగులో పులుస్తుంది. ఆ పులియడంలో వేడి పుడుతుంది. గంటల తరబడి, రాత్రంతా పుడుతుంది. కడుపులో గడ్డి వున్న గుర్రం కడుపులో కుంపటి వున్నట్టే. ఈ రెండు ఏర్పాట్లూ వుండబట్టి, ఎదిగిన ఆరోగ్యమైన గుర్రం సుమారు 5 డిగ్రీల నుంచి 25 డిగ్రీల సెంటిగ్రేడు వరకు పెద్ద ఇబ్బంది లేకుండా ఓర్చుకుంటుంది. మనకు చలి వేసింది గనుక గుర్రానికీ వేసి వుంటుందని అనుకోకూడదు. మనకు బొచ్చూ లేదు, అటువంటి ప్రేగూ లేదు.

మరి మన చలి ఎంత? హైదరాబాదులో 1946 జనవరి 8న 6.1 డిగ్రీల వరకు దిగినట్లు లెక్క వున్నది. అటువంటి రాత్రులు అరుదు. సాధారణంగా డిసెంబరు, జనవరి నెలల్లో నగరం నడుమ రాత్రి 13, 14 డిగ్రీలు వుంటుంది. అదే రాత్రి పటాన్‌చెరు, రాజేంద్రనగరు వంటి శివార్లలో పది డిగ్రీలకో, అంతకు తక్కువకో జారుతుంది. సిమెంటు, తారు పగటి వేడిని పట్టి వుంచుతవి. ఖాళీ పొలం పట్టి వుంచదు. కాబట్టి ఫిల్మ్ నగర్‌లో వేసిన లెక్క మొయినాబాదు శాలకు సరిపోదు. ఇంకొక సంగతి. అదే జనవరిలో మధ్యాహ్నం 28, 29 డిగ్రీల ఎండ కాస్తుంది. తెల్లవారుజామున ముద్దుగా వున్న రగ్గు పదిగంటలకు గుర్రానికి శిక్ష అవుతుంది. లోపల చెమట పడుతుంది. సాయంత్రం ఆ తడిమీద మళ్లీ చల్లగాలి కొడుతుంది. మన దేశపు చలికాలంలో గుర్రానికి అసలు శత్రువు ఈ తడి.

ఇప్పుడు రగ్గు ఏ గుర్రానికి కావాలో చూద్దాం. పండ్లు అరిగిన ముసలి గుర్రానికి కావాలి. ప్రక్కటెముకలు కనబడేటట్లు చిక్కినదానికి కావాలి. చిన్న పిల్లలకు, జబ్బుపడి లేచినవాటికి కావాలి. పందెపు గుర్రాలకు చేసినట్లు బొచ్చు కత్తిరించినదానికి తప్పక కావాలి. కత్తిరించిన రగ్గుకు బదులు మరొకటి మనమే ఇవ్వాలి గదా. వేడి ప్రాంతం నుంచి అప్పుడే వచ్చి, బొచ్చు ఇంకా పెరగని గుర్రానికి కావాలి. రాత్రి షూటింగులో చెమటపట్టి, లేదా కృత్రిమ వర్షంలో తడిసి నిలబడ్డ గుర్రానికి అన్నిటికన్న ముందు కావాలి. ఇవేవీ కాని గుర్రం, చక్కగా తింటూ, పొడిగా, గాలిచాటున వున్న గుర్రం, మామూలు చలిరాత్రి రగ్గు లేకుండానే సుఖంగా వుంటుంది.

రగ్గు అంటే విదేశాలనుంచి తెప్పించిన ఖరీదు వస్తువే కానక్కరలేదు. మన తెలంగాణలో కురుమలు దక్కని గొర్రె ఉన్నితో నేసే గొంగడి వున్నది. కాపరి చలికీ చినుకుకూ దాన్నే కప్పుకుంటాడు. గుర్రానికీ పనికివస్తుంది. ఉన్ని గరుకు గనుక మూపు, భుజాలు, రొమ్ము తగిలేచోట లోపల మెత్తని నూలుగుడ్డ కుట్టించండి. గోనెసంచులు కలిపి కుట్టి, లోపల పాత దుప్పటి వేసి కూడా చేయవచ్చు. కాని గోనె మంచును పీలుస్తుంది. అది శాలలోపలికే గాని ఆరుబయటికి కాదు. ప్లాస్టిక్ పట్టాను మాత్రం ఒంటిమీద కప్పకండి. బయటి తడిని ఆపుతుంది నిజమే, కాని లోపలి చెమటను పోనివ్వదు.

కొలత తీసుకునేటప్పుడు రొమ్ము నడుమనుంచి, ప్రక్కగా, పిరుదు చివరి ఎముకవరకు టేపు పట్టండి. అదే రగ్గు పొడవు. రగ్గు మెడవైపు అంచు మూపుకు కాస్త ముందుగా పడాలి. సరిగ్గా మూపుమీద పడితే ఒరుసుకొని పుండు పడుతుంది. ఆ పుండు మానిందాకా జీను వేయడానికి వీలుండదు. రొమ్ముదగ్గర, పొట్టక్రింది పట్టీదగ్గర, మీ అరచేయి దూరేంత సందు వుండాలి. మరీ వదులైతే పడుకొని లేచేటప్పుడు కాలు ఇరుక్కుంటుంది. రగ్గు జారకుండా నడుముచుట్టూ తాడు బిగించడం కొందరికి అలవాటు. ఆ తాడు వెన్నుపూసమీద కోస్తుంది. పొట్టక్రింద కత్తెరవాటుగా వచ్చే రెండు వెడల్పు పట్టీలు కుట్టించండి.

వేసేటప్పుడు ఒక వరుస వున్నది. ముందు గుర్రంతో మాట్లాడి, ఎడమప్రక్కన నిలబడండి. మడతపెట్టిన రగ్గును మెడమీదికి కాస్త ముందుకు వేసి, వెంట్రుక పడివున్న దిక్కున వెనక్కు జరపండి. వెనకనుంచి ముందుకు లాగితే వెంట్రుక ఎదురుతిరిగి చిరాకు పుడుతుంది. తరువాత రొమ్ముపట్టీ, దాని వెనుక పొట్టపట్టీలు, కాళ్లపట్టీలు వుంటే చివరకు అవి. తీసేటప్పుడు దీనికి తలక్రిందులు: ముందు కాళ్లవి, తరువాత పొట్టవి, ఆఖరున రొమ్ముది. ఎందుకనగా, రొమ్ముపట్టీ ముందే విప్పితే, గుర్రం ఏ మోటారు చప్పుడుకో బెదిరినప్పుడు రగ్గు వెనక్కు జారి కాళ్లకు చుట్టుకుంటుంది. అది తన్నుకుంటూ పరుగెడితే గుర్రానికీ, పట్టుకున్న మనిషికీ కూడా ప్రమాదమే.

గుర్రానికి వెచ్చగా వుందో లేదో తెలుసుకునేదెట్లా? రగ్గుక్రిందికి, భుజం వెనకకు చేయి పోనివ్వండి. పొడిగా, వెచ్చగా వుంటే సరిపోయింది. చెమ్మ తగిలితే రగ్గు ఎక్కువైందని అర్థం. తీసి, తుడిచి, పలుచనిది వేయండి. వణుకుతూవుంటే పొడి రగ్గు, మేత వెంటనే ఇవ్వండి. గుర్రానికి మామూలు వేడిమి 99 నుంచి 101 డిగ్రీల ఫారెన్‌హీటు. 102 దాటి వణుకు కూడా వుంటే అది జ్వరం; పశువైద్యుణ్ణి పిలవండి.

పొద్దున రగ్గు తీసిన తరువాత గొరపంతో, బ్రష్షుతో మాలీసు చేయండి. మూపు, భుజాలు, తుంటి ఎముకలు తడిమి చూడండి. వెంట్రుక రాలినచోటు కనబడితే రగ్గు కొలత తప్పిందన్నమాట. రగ్గును ఎండలో లోపలివైపు పైకి తిప్పి ఆరవేయండి. ఒక గుర్రం రగ్గు మరొకదానికి వేయకండి. యుద్ధపు సన్నివేశానికి పలుచోట్లనుంచి గుర్రాలు వచ్చి, రగ్గులు, బ్రష్షులు ఒకే కుప్పగా పడివుంటవి. తామర, పేలు ఆ దారినే వస్తవి. గ్లాండర్స్ అనే ప్రాణాంతకమైన అంటువ్యాధి కూడా తొట్లద్వారా, సామానుద్వారా వ్యాపిస్తుంది, మనుషులకూ అంటుతుంది. ముక్కునుంచి చిక్కని చీమిడి, ముక్కులోనో కాళ్లమీదనో పుండ్లు కనబడితే దాచిపెట్టక ప్రభుత్వ పశువైద్యునికి చెప్పండి. హిస్సారులోని జాతీయ అశ్వ పరిశోధనా కేంద్రం ఈ వ్యాధికి రక్తపరీక్షలు చేస్తుంది.

ఇక రాత్రి షూటింగు సంగతి. గుర్రంమీద మఖమలు గుడ్డ, దానిమీద తగరపు కవచం, ఆపైన హీరో. నాలుగుసార్లు పరుగెత్తించేసరికి చెమట కారుతుంది. అప్పుడు దీపాలు మార్చాలని గంటసేపు ఆపుతారు. గుర్రం చల్లబడేది ఆ గంటలోనే. సైసు దగ్గర పలుచని ఉన్ని రగ్గు ఒకటి సిద్ధంగా వుండాలి. ఆపగానే నడుముమీద వేసి, గాలికి పిరుదులు తిప్పి నిలబెట్టాలి; వీలైతే మెల్లగా నడిపించాలి. పని ముగిసిన తరువాత పదిహేను, ఇరవై నిమిషాలు నడిపించి, ఊపిరి నిదానించాక చెమట తుడవండి. ఇంకా తడిగావుంటే వీపుమీద ఎండుగడ్డి పరచి, దానిమీద గోనెరగ్గు కప్పండి. గడ్డిసందుల గాలి ఆడి తడి ఆరుతుంది, చలీ తగలదు. పాతకాలపు ఉపాయమే, నేటికీ మంచిదే. ఆరిన తరువాత గడ్డి తీసి పొడి రగ్గు వేయండి. వేడిమీద నీళ్లు ముట్టనివ్వకూడదని కొందరంటారు. అలా దాహంతో వుంచడం తప్పు. కొద్దికొద్దిగా, పలుమార్లు తాగనివ్వండి. ఆ మఖమలు గుడ్డను మాత్రం రగ్గు అనుకొని ఒంటిమీదే వదలి ఇంటికి తేకండి. అది చెమటతో తడిసి వుంటుంది.

బేరం కుదుర్చుకునేటప్పుడే ఈ విరామాలు, నీళ్లు, గాలిచాటు కావాలని ప్రొడక్షన్ మేనేజరుతో ఖచ్చితంగా మాట్లాడుకోండి. ఇది దయాదాక్షిణ్యాల విషయం కాదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం వున్నది. దానిక్రింద 2001లో వచ్చిన నియమాల ప్రకారం సినిమాలో వాడే జంతువును నమోదు చేయించాలి.

శాల విషయంలో ఒక హెచ్చరిక. చలి అని నాలుగువైపులా పట్టాలు బిగించి, లోపల బొగ్గుల కుంపటి పెట్టి పడుకోవద్దు. గడ్డి వున్నచోట ఒక్క నిప్పురవ్వ చాలు. అగ్గి అంటుకోకపోయినా ఆ బొగ్గుపొగ నిద్రలోనే మనిషి ప్రాణం తీస్తుంది. మూసిన శాలలో మూత్రపు ఘాటు నిలిచి గుర్రానికి దగ్గు పడుతుంది. గాలి కొట్టేవైపు మాత్రం అడుగుభాగం మూసి, పైన గాలి ఆడేటట్లు వదలండి. క్రింద పొడిగడ్డి మందంగా పరచండి.

చివరకు మేత. నాలుగువందల కిలోల గుర్రానికి రోజుకు ఆరునుంచి ఎనిమిది కిలోల ఎండుగడ్డి కావాలి. బాగా చలివున్న రాత్రి మరొక కిలో ఎక్కువ వేయండి. చలి అని ఉలవ గుగ్గిళ్లు రెట్టింపు చేయకండి, కడుపునొప్పి వస్తుంది. రాత్రి వేడి నిలిపేది గడ్డి. బూజుపట్టిన గడ్డి వేయకండి. పచ్చిజొన్న చొప్ప గుర్రానికి మంచిది కాదు. చలికాలంలో గుర్రం నీళ్లు తక్కువ తాగుతుంది. ఎండుగడ్డి తిని నీళ్లు తాగకపోతే ప్రేగులో మేత గట్టిపడి ప్రాణంమీదికి వస్తుంది. రోజుకు ఇరవై అయిదు, ముప్ఫై లీటర్లు తాగుతున్నదో లేదో బకెట్లు లెక్కపెట్టండి. నీళ్లు కాస్త గోరువెచ్చగా పెడితే ఇష్టంగా తాగుతుంది. “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అని మనం ఎగతాళికి అంటాము. చలికాలంలో ముసలి గుర్రానికి నిజంగానే తక్కువ కాకూడదు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. గుర్రాలున్న శాలకు వెళ్లినప్పుడు మూడు చూడండి. పొద్దున తొమ్మిదింటికి రగ్గు గుర్రంమీద వుందా, తీగెమీద వుందా? రగ్గు లోపలివైపు పొడిగా వుందా? రాత్రి వేసిన గడ్డి తొట్టిలో కొంచెమైనా మిగిలిందా? రగ్గు తీగెమీద పొడిగా ఆరుతూ, తొట్టిలో నాలుగు పోచలు మిగిలివుంటే ఆ గుర్రం రాత్రి సుఖంగా గడిపిందని చెప్పవచ్చు.