ఎండిన బోరుకూ ఒక కాలమ్ కావాలి



నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను, గుమాస్తాను. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడుచోట్లా బోర్ల మంజూరు ఫైళ్లు రాసినవాణ్ణి గనుక ఒక్క మాట మనవి చేస్తాను.

బోరు పాయింటు పెట్టేవారు నేలలో నాలుగు కడ్డీలు దిగగొట్టి, బయటి రెంటి గుండా కరెంటు పంపి, లోపలి రెంటి మధ్య వోల్టేజీ కొలుస్తారు. గట్టి రాయి నిరోధం ఎక్కువ. పగుళ్లలో నీరున్న రాయి నిరోధం తక్కువ. అయితే బంకమన్నూ తక్కువే చూపుతుంది. పాయింటు తప్పేది తరచు అక్కడే.

ఈ విద్యవారికి అమెరికాలో 1930లోనే సంఘం ఏర్పడింది. మన హైదరాబాదులో 1961లో ఎన్.జి.ఆర్.ఐ. వచ్చింది, ఉస్మానియా విశ్వవిద్యాలయం కేంద్రంగా ఎక్స్‌ప్లొరేషన్ జియోఫిజిసిస్టుల సంఘమూ వెలిసింది. సదస్సులు జరుగుతాయి, పత్రాలు చదువుతారు. సంతోషమే.

కానీ పుంగనూరు వైపు రైతు ఒకాయన మూడో బోరూ ఎండినాక నా బల్ల దగ్గరికొచ్చి, "సార్, నీళ్లు పడలేదని యాడన్నా రాసినారా?" అని అడిగాడు. ఫారంలో ఆ కాలమ్ లేదన్నాను. ఆయన మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు. ఆ జవాబు నన్ను నేటికీ బాధిస్తుంది.

మిత్రులారా, రాయడం మన విద్య. మన ఊళ్లలో ఎండిన బోర్ల లోతు, తగిలిన రాయి, సర్వే రీడింగులు రాసి ఆ సంఘాలకు పంపుదాం. నీళ్లు పడిన బోరు ఒక్క రైతును నిలబెడుతుంది. ఎండిన బోరు లెక్క సదస్సుకెక్కితే పదిమందిని కాపాడవచ్చు.

సెలవు.