వికలాంగ విద్యార్థులు – సంగీత పరీక్షలు
(సాంస్కృతిక సమాజ గోష్ఠియందలి ప్రసంగ పాఠము)



విజయనగర ప్రభువు విజయరామ గజపతిరాజుగారు 1919లో సంగీత కళాశాలను నెలకొల్పినపుడు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులైరి. దాని పుట్టుకను గూర్చి ఆ ఊర ఒక మాట చెప్పుకొందురు. దివాణపు ఉద్యోగి యొకని కుమారుడు అంధుడు. సంగీతమన్న చెవి కోసికొనువాడు. ఆ బాలుని నిమిత్తమే ప్రభువునకు పాఠశాల తలపు కలిగినదట. ఆ ఏటనే అచటికి వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడుగారు చూపు మందగించి బడిచదువు మానుకొన్నవారు. విద్యార్థిగా చేరవచ్చిన వారిని ఆచార్యునిగా నియమించిరి. 1936లో వారే అధ్యక్షులైరి. చేత పట్టము లేకున్నను విని గుర్తించు పెద్దలుండిరి.

నేడట్లు జరుగదు. సంగీతోపాధ్యాయ పదవి కోరువాడు డిప్లొమాయో, డిగ్రీయో చూపవలెను. ప్రభుత్వోద్యోగుల సభలో ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు. తరగతులు, పాఠ్యక్రమము, పరీక్షలు అను చట్రము భారతీయ సంగీతమునకు అలవడుటలో 1901లో లాహోరున గాంధర్వ మహావిద్యాలయమును స్థాపించిన విష్ణు దిగంబర పలుస్కరుగారి పాలు పెద్దది. వారికిని బాల్యముననే బాణసంచా ప్రమాదమున కనుచూపు దెబ్బతిన్నది. అట్టివారు నాటిన చెట్టు నీడలోనికి నేటి అంధ విద్యార్థి ప్రవేశించుటకు ఇన్ని అడ్డంకులుండుట వింతయే.

గురుముఖతః చెవిన పడి అబ్బు విద్యకు చూపుతో పనియేమని తోచవచ్చును. పాడుటలో చిక్కు తక్కువే. చిక్కంతయు స్వరలిపి కడ. అచ్చులో స్థాయిని తెలుపుటకు అక్షరము పైననో క్రిందనో చుక్క, కాలమునకు పైన గీత పెట్టుదురు. లూయీ బ్రెయిలీ స్వయముగా అంధుడు, ఆర్గాన్ వాద్యకారుడు. 1829 నాటి తన గ్రంథమున మాటలతోపాటు సంగీతమును గూడ చుక్కలతో వ్రాయు పద్ధతి చూపెను. తరువాత స్థిరపడిన పాశ్చాత్య బ్రెయిలీ స్వరలిపిలో ఆరు చుక్కలలో పై నాలుగు స్వరమును, క్రింది రెండు దాని కాలమును తెలుపును. మన సరిగమలు అక్షరములే గనుక 1951లో ఏర్పడిన భారతీ బ్రెయిలీలో వ్రాయవచ్చును. కాని పైన, క్రింద పెట్టు గుర్తులకు అందు తావు లేదు. వానిని అక్షరమునకు ముందో వెనుకనో వరుసలోనే చేర్చవలెను. ఎవరికి తోచినట్లు వారు చేర్చినచో ఒక చోటి పుస్తకము వేరొక చోట పనికిరాదు.

మరియు బ్రెయిలీని చదువునది వ్రేలు. వీణ మీటునదియు వ్రేలే. చదువుచు వాయించుట పొసగదు. కావుననే లండనులోని రాజసంగీత విద్యాలయముల సంయుక్త పరీక్షా మండలి, చూపులేనివారు లిపి చూచి వాయించుటకు మారుగా విని తిరిగి వాయించు పరీక్షను కోరుకొనవచ్చునన్నది. ప్రమాణము తగ్గలేదు, త్రోవ మారినది.

మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము పాఠ్యక్రమమునను పరీక్షా విధానమునను తగిన మార్పులు చేయవలెనని, అదనపు కాలమును, వ్రాయసకానిని ఈయవలెనని విధించినది. వ్రాయసకాడు వాగ్గేయకారుల చరిత్ర వ్రాయగలడు. కీర్తనను స్వరపరచి వ్రాయుమన్నచో? సంగీతమెరుగనివాడు దీర్ఘమును హ్రస్వముగా వ్రాయును. ఎరిగినవాడైనచో జవాబెవరిదని పరీక్షకునకు అనుమానము. ఆ ప్రశ్నను నోట పాడించి, చేత తాళము వేయించి మార్కులిచ్చుట ఎంత సులువు! ప్రాయోగిక పరీక్షకు పరీక్షకుడు ఎదుటనే యుండును గదా.

చూపొక్కటియే కాదు. పోలియో వలన మఠము వేసికొనలేని బాలిక కుర్చీపై కూర్చొని వయొలిన్ వాయించినంత మాత్రమున శ్రుతి చెడదు. వాద్యపు తలను పాదముపై ఆనించుట మన ఆచారము; అందులకు మారుగా ఒక చిన్న పీట చాలును.

కేంద్రోద్యోగుల పిల్లలకు బదిలీల బాధ వేరుగా కలదు. ఒక పరీక్షా మండలి ఒప్పిన సదుపాయమును వేరొకటి ఒప్పునన్న నియమము లేదు. దరఖాస్తుతోడనే వైద్య ధ్రువపత్రమును జతపరచి, ఏయే పత్రమునకు ఏ మార్పు కావలెనో వివరించి, లిఖితపూర్వకమైన జవాబును పరీక్షకు ముందే తెప్పించుకొనుట మేలు.