పొయ్యి పొగ, అమ్మ దగ్గు
(మహిళా సభలో ఒక ఆరోగ్య కార్యకర్త చేసిన ప్రసంగం)

 

ముందుగా మా అమ్మ సంగతి చెబుతాను. అమ్మకు చాలా ఏళ్లుగా దగ్గు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఒకసారి ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరుగారు పరీక్ష చేశారు. "ఏమమ్మా, బీడీలు తాగుతావా?" అని అడిగారు. అమ్మకు కోపం వచ్చింది. "నా జన్మలో బీడీ ముట్టలేదయ్యా!" అంది.

"మరి వంట దేని మీద చేస్తావు?"

"కట్టెల పొయ్యి మీద. పన్నెండో ఏట నుంచీ ఊదుతున్నా."

"బీడీ తాగకపోయినా పొగ తాగావమ్మా" అన్నారు డాక్టరుగారు.

ఆ మాట విని నేను ఆలోచనలో పడ్డాను. పొయ్యి ఊదితే కళ్లు మండుతాయి, దగ్గు వస్తుంది. ఇది మనందరికీ తెలుసు. "ఆడపుట్టుక అన్నాక పొగ తప్పుతుందా?" అనుకుంటాం. కానీ ఈ పొగను కొలిచి చూసినవాళ్లు ఉన్నారు.

మద్రాసులో, అంటే నేటి చెన్నైలో, శ్రీ రామచంద్ర వైద్య విద్యాసంస్థ ఉంది. అక్కడి పరిశోధకులు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెలకు వచ్చారు. మూడు జిల్లాల్లో 400కు పైగా ఇళ్లు చూశారు. వంటింట్లో చిన్న యంత్రం పెట్టారు. అది ఒక పగలూ ఒక రాత్రీ గాలిని పీల్చింది. గాలిలోని సన్నని ధూళి అందులో చిక్కింది. దాన్ని తూచారు. ఆ లెక్కలు 2004లో అచ్చయ్యాయి.

ఇప్పుడు మీకు అంకెలు వచ్చు కదా! నల్లబల్ల మీద రాస్తాను, చదవండి.

గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో ధూళి: 73
కట్టెలు, పిడకలు వాడే ఇంట్లో: 732 వరకు

ఎన్ని రెట్లు? పది రెట్లు!

ఇంకో లెక్క చూడండి. కట్టెలు, పిడకలు కాల్చే ఇళ్లలో ఎవరు ఎంత ధూళిని పీలుస్తున్నారు?

వంట చేసే ఆడవాళ్లు: అందరికంటే ఎక్కువ
మగవాళ్లు: వాళ్లకంటే తక్కువ
పిల్లలు: వాళ్లకంటే తక్కువ

అన్నం అందరికీ సమానంగా వడ్డిస్తాం. పొగ మాత్రం మన వంతుకు ఎక్కువ వస్తోంది.

ఈ ధూళి చాలా సన్నం. తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండని రేణువులు ఇందులో ఉంటాయి. ముక్కులోని వెంట్రుకలు వీటిని ఆపలేవు. నేరుగా ఊపిరితిత్తుల లోపలికి పోతాయి. దగ్గు, ఆయాసం, గుండెజబ్బు వస్తాయి. చంటిపిల్లలకు న్యుమోనియా వస్తుంది. ఇంటి పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది.

పొగ ఇంటితో ఆగదు. చూరు దాటి ఆకాశంలోకి పోతుంది. 1999లో శాస్త్రవేత్తలు హిందూ మహాసముద్రం మీది గాలిని పరిశీలించారు. వాళ్లలో ముఖ్యుడు వీరభద్రన్ రామనాథన్. తమిళనాడులో పుట్టి, అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైనవారు. సముద్రం మీద గోధుమరంగు పొగతెర కనిపించింది. అందులో మసి ఉంది.

నల్లచీర కట్టుకుని ఎండలో నిలబడితే ఏమవుతుంది? వేడి ఎక్కువ తగులుతుంది. మసి కూడా అలాగే ఎండ వేడిని పీల్చుకుంటుంది. హిమాలయాల మంచు మీద పడితే మంచు త్వరగా కరుగుతుంది.

అయితే భూమి వేడెక్కడం మన పొయ్యి తప్పేనా? కాదు. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చే కరెంటు కేంద్రాలు, ఫ్యాక్టరీలు, బళ్లదే పెద్ద వాటా. పేదింటి పొయ్యిని నిందించడం న్యాయం కాదు. కానీ ఒక మంచి సంగతి ఉంది. మసి గాలిలో కొన్ని రోజులో, వారాలో ఉంటుంది. అంతే! తగ్గిస్తే ఫలితం త్వరగా కనిపిస్తుంది. మన ఊపిరికీ మేలు.

మరి మనం ఏం చేయాలి?

గ్యాసు ఉంటే దాన్నే వాడాలి. టీకి గ్యాసు, అన్నానికీ వేన్నీళ్లకూ కట్టెలు అంటే పొగ పోదు. గ్యాసు లేకపోతే ఎండిన కట్టెలే వాడాలి. పచ్చి కట్టె పొగ ఎక్కువ ఇస్తుంది. పొయ్యికి పొగగొట్టం పెట్టించాలి. అందులో మసి పట్టకుండా శుభ్రం చేయాలి. కిటికీ తెరవాలి. వీలైతే ఆరుబయట వండాలి. పప్పు నానబెట్టి, గిన్నెకు మూతపెట్టి వండితే మంట తక్కువ పడుతుంది. ప్లాస్టిక్ సంచులతో పొయ్యి అంటించవద్దు. చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని వండవద్దు.

1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చాయి. ఆడవాళ్ల పేరున గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. చాలా ఇళ్లలో సిలిండరు మూలన ఉంది. "మళ్లీ నింపడానికి డబ్బు ఎక్కడిది?" అంటారు. నిజమే, కష్టమే. కానీ ఆ డబ్బు సంగతి తేల్చేది ఎవరు? పొగ పీల్చేది మనం. ఆ మాట ఇంట్లో మనమే ఎత్తాలి. "నా దగ్గుకు మందుల ఖర్చు ఎంత, సిలిండరు ఖర్చు ఎంత?" అని లెక్క రాసి చూపించండి. పొదుపు సంఘంలో మాట్లాడండి.

మా అమ్మ దగ్గు పూర్తిగా పోలేదు. ఆలస్యమైపోయింది. నా కూతురు మాత్రం పొయ్యి ఊదకూడదు. మీ కూతుళ్లు కూడా ఊదకూడదు. సెలవు.

ఆలోచించండి, మాట్లాడుకోండి:
1. మీ ఇంట్లో పొగ ఎక్కువగా ఎవరు పీలుస్తున్నారు?
2. మీ వంటింట్లో పొగ పోవడానికి దారి ఉందా?
3. సిలిండరు నింపించాలా వద్దా అని మీ ఇంట్లో ఎవరు నిర్ణయిస్తారు?